గురుత్వాకర్షణను చదివిన గురువు



ముందుగా మీ ఎదుట ఒక తప్పు ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం, గురుపట్టం అందుకున్న కొత్తలో, నేను ఈ ఇల్లందు విచారణలోనే సహాయ గురువుగా ఉండేవాణ్ణి. ఒక ఆదివారం ప్రసంగంలో మామిడికాయ సంగతి ఎత్తాను. కాయ ఎందుకు కింద పడుతుంది? భూమి లాగుతుంది కాబట్టి అని పిల్లలు బడిలో చదువుతారు. కాని భూమికి చేతులు లేవు, తాడు లేదు. మరి ఎలా లాగుతుంది? ఈ ప్రశ్నకు ఏ శాస్త్రవేత్త దగ్గరా జవాబు లేదనీ, లాగేది సర్వేశ్వరుని అదృశ్య హస్తమేననీ గట్టిగా చెప్పాను. జనం తలలూపారు. నాకూ సంతోషం కలిగింది.

ఆ ప్రసంగం విన్నవారిలో ఒక బొగ్గుబాయి కార్మికుని కొడుకు ఉన్నాడు. అప్పుడతను ఎనిమిదో తరగతి. తరువాత పట్నం వెళ్ళి ఇంజనీరింగ్ చదివాడు. పోయిన క్రిస్మసుకు ఊరికి వచ్చినప్పుడు నన్ను కలిశాడు. ఆ రోజు మీరు జవాబు లేదన్న ప్రశ్నకు 1915లోనే జవాబు వచ్చింది ఫాదర్‌గారూ, నాకు కాలేజీలో తెలిసింది అని మెల్లగా చెప్పాడు. అది తప్పయినప్పుడు గుడిలో విన్న మిగతా మాటలు కూడా అంతేనేమో అనిపించి, అయిదారేళ్ళు పూజకు రావడం మానేశానని కూడా చెప్పాడు. ఆ అయిదారేళ్ళు వాళ్ళమ్మ కొడుకు కోసం చెప్పిన జపమాలలు ఎన్నో నాకు తెలుసు. అందుకు నా ప్రసంగం కూడా ఒక కారణమని మాత్రం ఆ రోజు దాకా తెలియదు.

అందుకే ఈ వారం ఒక గురువు జీవితం మీకు చెబుతున్నాను. ఆయన నా ప్రసంగం విని ఉంటే నన్ను పక్కకు పిలిచి, నవ్వుతూ సరిదిద్ది ఉండేవారు. ఆయన పేరు జార్జ్ లెమైత్ర్. మన కతోలిక తెలుగులో గురువు అంటే దివ్యపూజ చేసేవారు. సంస్కృతంలో గురు అంటే బరువైనది అని కూడా అర్థం. గురుత్వాకర్షణ అనే మాట అందులోంచి వచ్చిందే. ఈ రెండు అర్థాలూ ఒకే మనిషి జీవితంలో కలిస్తే ఎలా ఉంటుందో చూడండి.

బొగ్గు నేల బిడ్డ

ఇల్లందు కుటుంబాలకు ఆయన పుట్టిన ఊరు పరాయిదిగా తోచదు. మన ఊరి దగ్గర 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గు కనుగొన్నారు. 1889లో తవ్వకం మొదలైంది. బొగ్గుట్ట అనే పేరు మన పెద్దల నోట ఇప్పటికీ ఉంది. బెల్జియం దేశంలోని షార్లెరువా పట్టణం కూడా అలాంటిదే. చుట్టూ బొగ్గు గనులు, ఇనుము, గాజు కర్మాగారాలు, గని మట్టి పోసిన నల్లని గుట్టలు. ఆ ప్రాంతాన్ని అక్కడివారు నల్లదేశం అని పిలుస్తారు. ఆ ఊళ్ళో 1894 జూలై 17న లెమైత్ర్ జన్మించారు. నలుగురు అన్నదమ్ముల్లో ఆయనే పెద్ద.

తండ్రిది గాజు వ్యాపారం. తల్లిదండ్రులు భక్తిపరులు. పిల్లవాణ్ణి యేసుసభ గురువుల బడిలో వేశారు. తొమ్మిదేళ్ళ వయసులోనే తాను గురువునూ కావాలి, శాస్త్రవేత్తనూ కావాలి అని ఆయన నిశ్చయించుకున్నారు. ఒకటి పట్టుకుంటే మరొకటి వదలాలన్న ఆలోచన ఆ పిల్లవాడికి రాలేదు. కొన్నాళ్ళకు తండ్రి కర్మాగారం అగ్నిప్రమాదంలో నాశనమైంది. కుటుంబం 1910లో బ్రస్సెల్స్‌కు మారింది. పెద్దకొడుకు ఇంటికి ఆసరా కావాలి గనుక 1911లో లూవెన్ కతోలిక విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్‌లో చేరారు.

1914 ఆగస్టులో జర్మనీ సైన్యం బెల్జియంలోకి వచ్చింది. ఇరవై ఏళ్ళ లెమైత్ర్ చదువు ఆపి సైన్యంలో చేరారు. మొదట పదాతి దళం, తరువాత ఫిరంగి దళం. ఈజర్ నది ఒడ్డున కందకాల్లో యుద్ధం చేశారు. శౌర్యానికి పతకం అందుకున్నారు. ఆ కందకాల్లోనే తీరిక దొరికినప్పుడు భౌతికశాస్త్ర పుస్తకాలు చదివేవారు. ఫిరంగి గుండు ఏ దారిన పోయి ఎక్కడ పడుతుందో లెక్క కట్టడం ఆయనకు నిత్యకృత్యమైంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

నాలుగేళ్ళు చావును దగ్గరగా చూసిన మనిషి యుద్ధం ముగిశాక ఇంజనీరింగ్ వదిలేశారు. గణితంలో 1920లో డాక్టరేటు పొంది, అదే సంవత్సరం మెకెలెన్ గురువిద్యాలయంలో చేరారు. వేదాంత పాఠాల మధ్య తీరిక వేళల్లో ఆయన చదివినది ఐన్‌స్టీన్ కొత్త సిద్ధాంతం. పై గురువులు అభ్యంతరం చెప్పలేదు, ప్రోత్సహించారు. కార్డినల్ మెర్సియర్ గారు 1923 సెప్టెంబరు 22న ఆయనకు గురుపట్టం ఇచ్చారు.

బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ కుర్ర గురువు గదిలో కూర్చుని చదివిన సంగతి ఏమిటో ఇప్పుడు చూద్దాం. కష్టమని పేజీ తిప్పేయకండి. మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

న్యూటన్ 1687లో గురుత్వాకర్షణ సూత్రం ప్రకటించారు. ప్రతి వస్తువూ మరో వస్తువును లాగుతుందన్నారు. ఎంత బలంతో లాగుతుందో లెక్క చెప్పారు. మధ్యలో ఏమీ లేకుండా ఎలా లాగుతుందన్నది ఆయనకే మింగుడుపడలేదు. మరో వింత కూడా మిగిలింది. గాలి అడ్డు లేకపోతే చింతగింజ, బండరాయి ఒకే సమయంలో నేల చేరతాయి. అంటే భూమి ప్రతి వస్తువునూ దాని బరువుకు సరిగ్గా సరిపోయేంత బలంతోనే లాగాలి. రాయికి ఎక్కువ, గింజకు తక్కువ, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేకుండా. ఇది ఎందుకిలా అని రెండు వందల ఏళ్ళు ఎవరూ చెప్పలేకపోయారు.

1907లో ఐన్‌స్టీన్ స్విట్జర్లాండులో పేటెంటు ఆఫీసు ఉద్యోగి. పైనుంచి పడిపోతున్న మనిషికి తన బరువు తెలియదు అన్న ఆలోచన ఆయనకు అక్కడే వచ్చింది. లోతైన బాయిలో కేజీ ఎక్కి దిగిన మన పెద్దలను అడగండి. కేజీ కిందికి కదిలిన క్షణంలో ఒళ్ళు తేలికైనట్లు, కడుపులో తిప్పినట్లు అనిపిస్తుంది. దేవుడు కాపాడుగాక, తాడే తెగితే ఇక బరువే తెలియదు. చేతిలోని లైటు వదిలినా అది కింద పడదు, మన పక్కనే తేలుతుంది. ఎందుకంటే అదీ మనతో సమానంగానే పడుతోంది.

దీన్నిబట్టి తేలేది ఏమిటి? బరువు అని మనం అనుకునేది భూమి లాగడం వల్ల తెలిసేది కాదు. కాలికింద నేల మనల్ని పైకి నెట్టడం వల్ల తెలిసేది. మీరు కుర్చీలో కూర్చుని ఈ పత్రిక చదువుతున్నారు. మీ ఒంటికి తగులుతున్నది కుర్చీ నెట్టుడే. కుర్చీ తీసేస్తే మీరు మీ సహజమైన దారిన పోతారు. ఆ దారినే పడడం అంటాం.

తిన్నని దారి, వంగిన మ్యాపు

సహజమైన దారి కిందికే ఎందుకు ఉంది? దీనికి ఐన్‌స్టీన్ 1915 నవంబరులో జవాబు పూర్తి చేశారు. దాని పేరు సాధారణ సాపేక్ష సిద్ధాంతం.

భూమధ్యరేఖ మీద వంద కిలోమీటర్ల దూరంలో ఇద్దరు మనుషులు నిలబడ్డారనుకోండి. ఇద్దరూ తిన్నగా ఉత్తరానికి నడక మొదలుపెట్టారు. కుడికి గాని ఎడమకు గాని తిరగలేదు. అయినా పోనుపోను దగ్గరవుతూ ఉత్తరధ్రువం దగ్గర కలుసుకుంటారు. ఎవరో తాడు కట్టి లాగారా? లేదు. వాళ్ళు నడిచిన నేల గుండ్రనిది, అంతే. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళే విమానం దారిని గోడ మ్యాపు మీద గీస్తే విల్లులా వంగి కనిపిస్తుంది. పైలట్ వంకరగా నడపలేదు. గుండ్రని భూమిని చదును కాగితం మీద పరిచాం గనుక తిన్నని దారి వంకరగా కనిపించింది. పడే రాయి, తిరిగే చంద్రుడు కూడా ఇలా తిన్నని దారిన పోయేవే, వంగినది ఆ దారి పరిచిన నేల అని ఐన్‌స్టీన్ చెప్పారు. దారి వస్తువుది కాదు, చోటుది. అందుకే చింతగింజకూ బండరాయికీ ఒకే దారి.

ఆ నేల పేరు స్థలకాలం. పొడవు, వెడల్పు, ఎత్తులతో పాటు కాలాన్ని కూడా కలిపి చూడాలి. చాలా పుస్తకాల్లో సాగదీసిన గుడ్డ మధ్య బరువైన గుండు పెట్టి, పక్కన గోలీ దొర్లుతున్నట్లు బొమ్మ వేస్తారు. ఆ బొమ్మలో ఒక లోపం ఉంది. గోలీ గుంటలోకి దొర్లేది గుడ్డ కింద భూమి ఉంది గనుకనే! అదీగాక మన ఇంట్లో గిన్నె జారి పడడానికి స్థలం వంపు కారణం దాదాపు ఏమీ కాదు. అసలు కారణం కాలంలోని వంపు. భూమికి దగ్గరైన కొద్దీ కాలం కొంచెం మెల్లగా నడుస్తుంది.

ఎడ్లబండిని తలుచుకోండి. ఎడమ చక్రం బురదలో దిగి మెల్లగా తిరుగుతోంది, కుడి చక్రం గట్టినేల మీద మామూలుగా తిరుగుతోంది. బండి ఎటు తిరుగుతుంది? ఎడమకు, అంటే మెల్లగా ఉన్న వైపుకు. ఎవరూ ముకుతాడు లాగనక్కరలేదు. వస్తువులు కూడా కాలంలో ప్రయాణం చేస్తూనే ఉంటాయి. కింది వైపు కాలం మెల్లగా నడుస్తుంది గనుక వాటి దారి కిందికి తిరుగుతుంది. మామిడికాయ పడేది అందుకే.

ఈ తేడా ఎంత చిన్నదో వినండి. ఒక మీటరు ఎత్తున పెట్టిన గడియారం నేల మీది గడియారం కంటే ఒక్క సెకను ముందుకు పోవాలంటే దాదాపు 29 కోట్ల సంవత్సరాలు కావాలి. 300 మీటర్ల లోతు బాయిలో ఏడాదంతా ఉంచిన గడియారం పైనున్న దానికంటే సెకనులో పది లక్షలవ వంతు వెనకబడుతుంది. ఇంత చిన్న తేడాకు కాయ అంత వేగంగా పడుతుందా అని మీరు అడగవచ్చు. ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. కాలాన్ని దూరంగా కొలిస్తే ఒక సెకను అంటే కాంతి సెకనులో పోయే దూరం, మూడు లక్షల కిలోమీటర్లు. మనం కదలకుండా కూర్చున్నా కాలం దారిలో సెకనుకు అంత దూరం పోతున్నాం. అంత పొడుగు దారిలో వంపు ఎంత చిన్నదైనా మొదటి సెకనులోనే దాదాపు అయిదు మీటర్లు పడిపోవడానికి చాలు.

ఇప్పుడు లెమైత్ర్ గారి ఫిరంగి దగ్గరకు వద్దాం. ఒక పిల్లవాడు విసిరిన రాయి అయిదు మీటర్ల ఎత్తుకు లేచి, రెండు సెకన్లలో పది మీటర్ల దూరాన పడింది. దాని దారి బాగా వంగి కనిపిస్తుంది. ఫిరంగి గుండు అదే రెండు సెకన్లలో కిలోమీటరు దూరం పోయింది. దాని దారి దాదాపు తిన్నగా కనిపిస్తుంది. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే గుండు కూడా లేచింది సరిగ్గా అయిదు మీటర్లే. కాలాన్ని కలిపి గీస్తే రెండు దారులూ ఆరు లక్షల కిలోమీటర్ల పొడుగున అయిదు మీటర్ల ఉబ్బు మాత్రమే. రెండింటికీ ఒకే వంపు. ఆ వంపును పూర్తి వలయంగా గీస్తే దాని కేంద్రం నుంచి అంచుకు దూరం, కాంతి ఒక ఏడాదిలో పోయేంత ఉంటుంది. యుద్ధంలో గుండ్ల దారులు లెక్కకట్టిన మనిషికి ఈ సంగతి చదివినప్పుడు ఎంత ఆనందం కలిగి ఉంటుందో ఊహించుకోండి.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2010లో అమెరికాలో శాస్త్రవేత్తలు ఒక గడియారాన్ని అడుగు ఎత్తు పైకి లేపి, కాలం తేడాను కొలిచి చూపించారు. మీ సెల్‌ఫోను దారి చూపించేది ఆకాశంలోని ఉపగ్రహాల గడియారాలను బట్టి. అవి ఎత్తున ఉన్నందువల్ల రోజుకు సెకనులో పది లక్షల వంతుల్లో 45 వంతులు ముందుకు పోతాయి, వేగంగా తిరుగుతున్నందువల్ల 7 వంతులు వెనకబడతాయి. మిగిలిన 38 వంతులను సరిచేయకపోతే ఫోను చూపే చోటు ఒక్క రోజులోనే పది కిలోమీటర్ల మేర తప్పుతుంది. ఇల్లందు వచ్చే చుట్టం కొత్తగూడెం దాకా పోయినా ఆశ్చర్యం లేదు.

రాయి గాలిలో నిలబడదు

గురుపట్టం అందుకున్న వెంటనే లెమైత్ర్ గారు ఇంగ్లాండులోని కేంబ్రిడ్జికి వెళ్ళి ఎడింగ్టన్ దగ్గర చదువుకున్నారు. ఎడింగ్టన్ క్వేకరు సంఘానికి చెందిన భక్తుడు. 1919 మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణంలో, సూర్యుని పక్కగా వచ్చే నక్షత్రకాంతి వంగుతుందా అని చూడడానికి ఆఫ్రికా తీరంలోని ప్రిన్సిపే దీవికి వెళ్ళినవారు ఆయనే. అదే గ్రహణాన్ని మరో బృందం బ్రెజిల్‌లో చూసింది. కాంతి ఐన్‌స్టీన్ చెప్పినట్లే వంగింది. ఆ వంపు డిగ్రీలో దాదాపు రెండు వేలవ వంతు. అందులో సగం కాలం వంపు వల్ల, సగం స్థలం వంపు వల్ల. కాంతి అంత వేగంగా పోయేదానికే స్థలం వంపు అంతగా లెక్కకు వస్తుంది.

తరువాత అమెరికాలో హార్వర్డు ఖగోళశాలలో పనిచేసి, 1925లో లూవెన్‌కు తిరిగివచ్చి బోధన ప్రారంభించారు. అప్పుడాయన వేసుకున్న ప్రశ్న ఇది. మన పెరట్లో కాయను పడేసే ఈ నియమం విశ్వమంతటికీ వర్తిస్తే ఏమవుతుంది? ఐన్‌స్టీన్ 1917లోనే ఈ ప్రశ్న వేసుకున్నారు. విశ్వం ఎప్పుడూ ఒకేలా నిశ్చలంగా ఉండాలన్న నమ్మకంతో తన సమీకరణంలో ఒక అదనపు పదం చేర్చి దాన్ని నిలబెట్టారు. కాని పైకి విసిరిన రాయి లేస్తూ ఉండాలి, లేదా పడుతూ ఉండాలి. గాలిలో నిలబడదు. విశ్వం కూడా అంతే. రష్యాలో ఫ్రీడ్‌మన్ 1922లో గణితంలో ఈ దారి చూపారు. లెమైత్ర్ స్వతంత్రంగా అక్కడికే చేరి, దూరపు నక్షత్రమండలాల నిజమైన కొలతలతో పోల్చి చూశారు. స్థలమే సాగుతోందనీ, ఎంత దూరపు మండలమైతే అంత వేగంగా దూరమవుతోందనీ 1927లో వ్యాసం రాశారు.

ఆ వ్యాసం బ్రస్సెల్స్‌లోని ఒక చిన్న పత్రికలో ఫ్రెంచిలో అచ్చయింది. ఎవరూ పట్టించుకోలేదు. అదే ఏడు అక్టోబరులో బ్రస్సెల్స్ సభకు వచ్చిన ఐన్‌స్టీన్‌ను కలిశారు. లెక్క తప్పులేదు గాని అందులోని భౌతికశాస్త్రం తనకు ఏమాత్రం నచ్చలేదని ఐన్‌స్టీన్ మొహం మీదే చెప్పేశారు. నల్లని అంగీ వేసుకున్న ముప్పైమూడేళ్ళ గురువు గొడవపడలేదు, పని మానలేదు. 1929లో అమెరికాలో హబుల్ తన కొలతలు ప్రకటించారు. 1931లో ఎడింగ్టన్ చొరవతో లెమైత్ర్ వ్యాసం ఇంగ్లీషులో వచ్చింది. అదే ఏడు ఆయన మరో అడుగు వేశారు. సాగుతున్నదాన్ని వెనక్కి నడిపిస్తే అంతా ఒకచోటికి చేరాలి గదా, విశ్వం ఒక ఆదిమ అణువు నుంచి మొదలై ఉండాలి అన్నారు. దాన్నే నేడు మహావిస్ఫోట సిద్ధాంతం అంటున్నాం. ఐన్‌స్టీన్ మనసు మార్చుకున్నారు. 1933లో కాలిఫోర్నియాలో లెమైత్ర్ ప్రసంగం విని మెచ్చుకున్నారు.

పోపుగారి ప్రసంగం

నాకు గుణపాఠం నేర్పిన ఘట్టం ఇప్పుడు వస్తుంది. 1951 నవంబరు 22న పన్నెండవ భక్తినాథ (పయస్) పోపుగారు తమ శాస్త్ర పరిషత్తు సభ్యులతో మాట్లాడుతూ, విశ్వానికి ఆరంభం ఉందని శాస్త్రం కనుగొన్నది, ఇది సృష్టికి సాక్ష్యమిస్తోంది అన్న భావం వెలిబుచ్చారు. కతోలిక లోకం సంతోషించింది. ఎవరికంటే ఎక్కువగా లెమైత్ర్ గారు సంతోషించాలి. ఆయన సిద్ధాంతానికి పోపుగారే ముద్ర వేసినట్లు గదా! కాని ఆయన కలత చెందారు.

కారణం ఆలోచించండి. శాస్త్రం చెప్పేది ఈ రోజు ఒకటి, రేపు సవరించుకుంటుంది. సవరించుకోవడమే దాని పని. విశ్వాసాన్ని దాని మీద నిలబెడితే, అది సవరించుకున్న రోజున విశ్వాసం కూలుతుంది. లెమైత్ర్ గారు విధేయుడైన గురువు. పోపుగారికి ఎదురు రాతలు రాయలేదు. వాటికన్ ఖగోళశాల అధిపతి, యేసుసభ గురువు ఓకానెల్ గారితో సంప్రదించి, తన ఆందోళన తగినచోట తెలియజేశారు. 1952 సెప్టెంబరులో రోములో ఖగోళ శాస్త్రజ్ఞుల మహాసభ జరిగింది. అక్కడ పోపుగారు మాట్లాడినప్పుడు ఆ పోలిక మళ్ళీ తేలేదు. కొడుకు చెప్పిన మాట విన్న తండ్రి, తండ్రిని గౌరవిస్తూ నిజం చెప్పిన కొడుకు. ఇద్దరూ మనకు ఆదర్శమే.

లెమైత్ర్ గారి దృష్టిలో సర్వేశ్వరుడు సమీకరణంలో ఒక పదం కాదు. యెషయా ప్రవక్త చెప్పినట్లు ఆయన మరుగై ఉండే దేవుడు. గురువిద్యాలయంలో నేను చదువుకున్న తత్వశాస్త్రంలోనూ ఈ పాఠం ఉంది. పునీత తోమాసు అక్వినాసు వారు ఆదికారణాన్నీ, ద్వితీయ కారణాలనూ వేరు చేసి చూపారు. పొయ్యి మీద అన్నం ఉడికేది నిప్పువల్ల. నిప్పు నిప్పుగా, బియ్యం బియ్యంగా ఉన్నది సర్వేశ్వరునివల్ల. నిప్పు చేయలేని మిగతా పని చేయడానికి ఆయన పొయ్యి పక్కన కాచుకు కూర్చోలేదు. పరీక్షలో ఈ జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్న నేనే, ప్రసంగంలో సర్వేశ్వరుణ్ణి కనిపించని తాడుగా మార్చాను. తాడు లేదని తేలిన రోజున ఒక పిల్లవాడి చేతిలో ఏమీ మిగలలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఐన్‌స్టీన్ జవాబుతో సర్వేశ్వరునికి చోటు తగ్గిపోలేదు. కాయ దారి ఎందుకు కిందికి తిరుగుతుందో ఆ జవాబు చెప్పింది. అసలు కాయ, దారి, కాలం అనేవి ఏమీ లేకపోకుండా ఎందుకు ఉన్నాయన్నది వేరే ప్రశ్న. దానికి త్రాసుతో, గడియారంతో జవాబు వెతకరు.

చివరి రోజులు

లెమైత్ర్ గారు ప్రార్థనను పక్కన పెట్టిన మనిషి కారు. యేసు మిత్రులు అనే గురువుల సహవాసంలో సభ్యులై, అనుదిన పూజతో పాటు రోజూ ఒక గంట ధ్యానానికి కేటాయించేవారు. పియానో వాయించేవారు. 1958లో తమ విశ్వవిద్యాలయానికి ఎలక్ట్రానిక్ గణన యంత్రం తెప్పించి, అరవై నాలుగేళ్ళ వయసులో దాన్ని నడపడం నేర్చుకున్నారు. 1960 నుంచి మరణించే దాకా పోపుగారి శాస్త్ర పరిషత్తుకు అధ్యక్షులుగా ఉన్నారు.

ఆయన సిద్ధాంతాన్ని చాలామంది నమ్మలేదు. గురువు గనుక ఆదికాండాన్ని శాస్త్రంలోకి చొప్పిస్తున్నాడని అనుమానించినవారూ ఉన్నారు. 1965లో అమెరికా శాస్త్రవేత్తలు పెన్జియాస్, విల్సన్ ఆకాశం నలుమూలల నుంచీ వస్తున్న సన్నని రేడియో తరంగాలను కనుగొన్నట్లు ప్రకటించారు. అది విశ్వపు తొలిరోజుల వేడికి మిగిలిన గుర్తు. అప్పటికి లెమైత్ర్ గారు జబ్బుతో మంచం పట్టారు. చనిపోయే ముందు శిష్యుడు గొదార్ ఈ కబురు ఆయన చెవిన వేశారు. 1966 జూన్ 20న లూవెన్‌లో ప్రభువునందు నిద్రించారు. విశ్వం వయసు దాదాపు 1380 కోట్ల సంవత్సరాలని నేటి లెక్క. 2018లో ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞుల సంఘం, విశ్వం సాగే నియమాన్ని ఇకపై హబుల్–లెమైత్ర్ నియమం అని పిలవాలని ఓటు వేసి సిఫారసు చేసింది. తన పేరు కోసం ఏనాడూ పోట్లాడని గురువు పేరు తొంభై ఏళ్ళ తరువాత దానంతట అదే వచ్చి చేరింది.

ప్రియ తల్లిదండ్రులారా, మీ పిల్లలు శాస్త్రం చదివితే దేవుణ్ణి మరిచిపోతారని భయపడకండి. వాళ్ళు అడిగే ప్రశ్నకు మీకు జవాబు తెలియకపోతే తెలియదని చెప్పండి. గురువులు, ఉపదేశులు, మఠకన్యలు కూడా అలాగే చెప్పండి. తెలియనిచోట సర్వేశ్వరుని పేరు అడ్డు పెట్టకండి. ఆ తప్పు నేను చేశాను, దాని ఖరీదు మరొకరు చెల్లించారు.

ఆ యువకుడు ఇప్పుడు మళ్ళీ పూజకు వస్తున్నాడు. ఈస్టరుకు వచ్చినప్పుడు, గుడి ఆవరణలో పిల్లలందరినీ చింతచెట్టు కింద కూర్చోబెట్టి, ఒక చేత్తో చింతగింజ, మరో చేత్తో రాయి పట్టుకుని ఒక్కసారే వదిలి చూపించాడు. రెండూ కలిసి నేల తాకాయి. ఎందుకో చెప్పమని పిల్లలు నా వైపు చూశారు. ఈసారి నేను నోరు మూసుకుని, చెప్పమని అతనికే సైగ చేశాను.